బండి యెక్కిన పడవ

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అను సామెతను మన యిండ్లలో విననివారుండరు. కలిమిలేములు నిలుకడగలవి కావని చెప్పుటకే మనము దానిని వాడుదుము. కాని పడవ నిజముగనే బండి యెక్కవలసి వచ్చినప్పుడు కలుగు చిక్కులు వేరు. ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున సరస్సుల సీమ యని ప్రసిద్ధికెక్కిన కొండప్రాంతమునకు 2023వ సంవత్సరము జూలై నెలలో మేము చేసిన ప్రయాణమున ఆ చిక్కులన్నియు మాకు ఎదురైనవి. సోదరీమణులకు ఆ ప్రదేశపు అందముతోపాటు ఆ బండి సంగతియు తెలుపుట యుక్తమని తోచి యిది వ్రాయుచున్నాము.

మేము లాంకషైరు మండలమున ప్రెస్టను పట్టణమునకు దాపున కాపురమున్నాము. మా అమ్మాయికి పండ్రెండేండ్లు. ఊరి ప్రక్క జలాశయములో రెండేండ్లుగా పడవ నడుపుట నేర్చుకొనుచున్నది. ఆమె కొఱకు 400 పౌన్లకు ఒక పాత మిర్రరు పడవను కొంటిమి. ఆ వేసవిలో మా అత్తగారు భీమునిపట్నము నుండి వచ్చి మాయింట నుండిరి. ఆమెకు 74 ఏండ్లు. సముద్రపు టొడ్డున పుట్టి పెరిగియు, ఆడపిల్ల పడవ యెక్కరాదని పెద్దలు కట్టడి చేసినందున, ఒక్కసారియైన పడవలో కాలుమోపినవారు కారు. ఆమె తిరుగు ప్రయాణమునకు మూడు వారములే గడువుండెను. ఈలోపల మనుమరాలు పెద్ద సరస్సులో పడవ నడుపగా చూడవలెనని ఆమె కోరిక. పడవ సిద్ధముగ నున్నది, సరస్సు సిద్ధముగ నున్నది. నడుమ 85 మైళ్ల దారి యున్నది. పడవను మోయు బండి మాత్రము లేదు.

ఈ మిర్రరు పడవ కథ స్త్రీలకు ప్రత్యేకముగ నచ్చదగినది. 1963లో డెయిలీ మిర్రరు అను దినపత్రిక ప్రోత్సాహముతో, జాక్ హోల్టు అను పడవల శిల్పియు, టెలివిజనులో ఇంటిపనులు నేర్పుచుండిన బారీ బక్‌నెలును కలిసి రూపొందించిన యీ పడవ వెలువడెను. సామాన్య గృహస్థు తన యింటనే కట్టుకొనుటకు వీలుగ సామగ్రిని 63 పౌన్ల 11 షిల్లింగులకు అమ్మిరి. పలుచని ప్లైవుడ్డు పలకల అంచుల వెంట రంధ్రములు వేసి, రాగితీగతో కుట్టి, ఆ కుట్టుల మీద గాజునార పట్టీని జిగురుతో అంటింతురు. రవికెకు ముక్కలు కత్తిరించి అతుకునట్లే యిదియు. ఈ విధమున 70,000కు పైగా పడవలు తయారైనవి. పొడవు 3.3 మీటర్లు, ఒట్టి దోనె బరువు 45 కిలోలకు కొంచెము పైన. తెరచాప కొయ్యలు కూడ పొట్టివి. విప్పినచో అన్నియు పడవలోపలనే యిమిడిపోవును. తెరచాపలు ఎఱ్ఱనివి.

కుట్టిన పడవ యని చెప్పగనే మా అత్తగారు నవ్విరి. "అమ్మాయీ, మా భీమిలిలో పలకలను కొబ్బరినార తాళ్లతో కుట్టెడివారు. అలల దెబ్బకు మేకులు కొట్టిన పడవ పగులునుగాని, కుట్టిన పడవ వంగి లేచును" అనిరి. కోరమాండలు తీరమున మసూలా పడవలని పేరొందినవి అట్టివే. ఎక్కడి తూర్పుతీరము, ఎక్కడి లాంకషైరు! కుట్టు మాత్రము రెండుచోట్లను పడవను నిలిపినది.

ఇక బండి సంగతి. పడవను కారు కప్పు మీద బోర్లించి కట్టవచ్చును. కాని యెత్తి దింపుటకు బలిష్ఠులిద్దరు కావలెను. మా వారికి నడుము నొప్పి. మా బలము చాలదు. క్రొత్త ట్రెయిలరు వెల వేయి పౌన్లకు పైమాట. అనగా పడవ వెలకు రెండింతలకు మించినది. కావున పాతబండిని వెదకితిమి. పది దినములు గడచిన పిమ్మట, వేరొక పెద్ద పడవ కొఱకు చేసిన జోడుబండి యొకటి 150 పౌన్లకు దొరకెను.

జోడుబండి యనగా రెండు బండ్ల కూడిక. క్రిందిది రెండు చక్రముల రోడ్డుబండి. దీనిని కారు వెనుక తగిలింతురు. పైది తేలికయగు తోపుడు ట్రాలీ. పడవ దీని మీదనే కూర్చుండును. సరస్సు చేరగనే చీల తీసి ట్రాలీని మాత్రము క్రిందికి జార్చి, పడవతో సహా నీటిలోనికి తోయుదురు. రోడ్డుబండి గట్టు మీదనే యుండును. ఇందలి మర్మమేమనగా, దూరము పరుగెత్తిన చక్రపు కుండలు వేడెక్కి యుండును. వానిని చన్నీట ముంచినచో లోపలి గాలి చల్లబడి కుదించుకొని నీటిని లోనికి పీల్చును. గ్రీజు చెడి, బేరింగు త్రుప్పుపట్టి, మరునాడో మరు నెలలోనో దారిలో చక్రము పట్టివేయును. అందుచే రోడ్డు చక్రమునకు నీటి స్పర్శ తగులనీయకుండుటయే మేలు.

ఈ బండి మా పడవకు సరిపోలేదు. సామాన్యముగ పడవల అణియము కొనదేలి యుండును. ట్రాలీ ముందరి దిమ్మెయు దానికి తగినట్లు చీలి యుండును. మిర్రరు అణియము మొండిగా, పీట అంచువలె నుండును. మా వారు ఆ దిమ్మెను విప్పి, దాని తావున అడ్డముగ ఒక కొయ్యను బోల్టులతో బిగించిరి. మేము దానికి పాత తివాచీ ముక్కను చుట్టి కుట్టితిమి. పడవ అడుగును మోయు ఊతలను దగ్గరకు జరిపి, బరువంతయు పలుచని పలకల మీదగాక గట్టి అడుగుబద్ద మీద పడునట్లు చేసితిమి.

టైర్లను చూడగా గాడులు బాగుగనే యున్నవి. కాని టైరు ప్రక్కన అచ్చుపడిన నాలుగంకెలను చదువ నేర్చినవారు పైమెరుపునకు మోసపోరు. మొదటి రెండంకెలు వారమును, తర్వాతి రెండు సంవత్సరమును తెలుపును. మా టైర్లపై 2309 అని యుండెను; అనగా 2009వ సంవత్సరము 23వ వారమున పుట్టినవి. ప్రక్కలు బీటలు వారియుండెను. రెంటిని మార్పించి, బేరింగులు క్రొత్తవి వేయించి గ్రీజు దట్టించితిమి. ఈ ఖర్చు మఱి 90 పౌన్లు. మా వారు కొంత వెనుకాడిరి గాని, ఇంటి ఖర్చుల పద్దులో మేమే సర్దుదుమని చెప్పి ఒప్పించితిమి. రాజమార్గమున చక్రమూడిన బండి మన ప్రాణములకే గాక, వెనుక వచ్చు పరుల బిడ్డలకును ముప్పు తెచ్చును గదా.

తరువాత తూకము. బండి ముక్కు కారు గుండు మీద ఎంత బరువు మోపవలెనో దానికొక లెక్క గలదు. మొత్తము బరువులో 5 నుండి 7 వంతులు నూటికి చాలునందురు. మా బండి, పడవ కలిపి 170 కిలోలు. స్నానపుగదిలోని తూకపుయంత్రము మీద కొయ్యముక్క నిలిపి దానిపై బండిముక్కు నానించగా 5 కిలోలే చూపెను. మా అత్తగారు చూచి, "వెనుక బరువైన యెడ్లబండి కాడిని పైకెత్తి యెడ్ల గొంతు నులుమును, ముందు బరువైనచో మెడలు విరుచును. ఇదియు అంతే గదా" అనిరి. అక్షరాల అంతే. ముక్కు తేలికయైన బండి వేగమున తోక ఊపి, కారును కూడ త్రోవ తప్పించును. పడవను ఒక జానెడు ముందునకు జరుపగా తూకము 11 కిలోలకు వచ్చెను.

ఆ దేశపు కట్టుబాట్లును కొన్ని గలవు. కారు సంఖ్యనే బండి వెనుక పసుపు పలక మీద వ్రాయవలెను. ఎఱ్ఱదీపములు, ముక్కోణపు మెరుపు బిళ్లలు ఉండవలెను. బ్రేకులులేని చిన్నబండికి, కొక్కెము ఊడినను విడిపోకుండ అదనపు గొలుసో తీగయో కట్టవలెను. వేగము రాజమార్గమున గంటకు 60 మైళ్లు, మామూలు ఒంటిదారిలో 50 మైళ్లు మించరాదు. మూడు వరుసల రాజమార్గమున కుడిచివరి వరుసలోనికి పోరాదు. బయలుదేరు ఉదయమున మేము కారులో కూర్చుండి దీపములు వెలిగించుచుండగా, మా అత్తగారు వెనుక నిలిచి "ఎడమ, కుడి, ఆపు" అని కేకవేసి చెప్పుచు పరీక్ష ముగించిరి.

దారులు రెండుండెను. దగ్గరిది విండర్‌మియరు మీదుగ 1,489 అడుగుల ఎత్తుగల కర్క్‌స్టోను కనుమనెక్కి దిగునది. ఆంబుల్‌సైడు నుండి ఆ కనుమకెక్కు దారికి స్థానికులు పెట్టిన పేరే 'పెనుగులాట'! వట్టి కారుకే అది కష్టము. మేము 20 మైళ్లు అదనమైనను ఎం-6 రాజమార్గమున పెన్‌రితు వఱకు పోయి, అటనుండి సరస్సు టొడ్డు వెంట వచ్చు ఏ-592 దారినే యెన్నుకొంటిమి. బండి నడిపినది మేమే. మొదటి 20 మైళ్లకు ఆగి, చక్రపు కుండలను చేతితో తాకి చూచితిమి. గోరువెచ్చగ నుండెను, చేయి కాలినచో బేరింగు చెడినదని గ్రహింపవలెను. షాప్ కొండల మీద ప్రక్కగాలి బలముగ వీచెను. పెద్ద లారీలు దాటునప్పుడు బండి కొంచెము కదలెనే గాని, తోక ఊపలేదు. మా అత్తగారు మాత్రము వెనుకటి అద్దమునుండి చూపు మరల్చక, "ఉన్నది, ఉన్నది" అని అప్పుడప్పుడు చెప్పుచుండిరి.

పెన్‌రితు దాటి పూలీ బ్రిడ్జి దాపునకు రాగనే అల్సువాటరు సరస్సు కనబడెను. పొడవు సుమారు 7 1/2 మైళ్లు. ఇంగ్లండులో విండర్‌మియరు తర్వాత దీర్ఘమైన సరస్సు ఇదియే. వంకరలు తిరిగిన యీ నీటి పాయకు ఇరుప్రక్కల పచ్చని కొండలు దిగివచ్చును. 1859 మొదలు ఇందు ప్రయాణికుల ఓడలు తిరుగుచున్నవి. 1877లో కట్టిన 'లేడీ ఆఫ్ ది లేకు' నేటికిని ప్రయాణికులను మోయుచున్నది. మోటారు పడవలకు 1983 మొదలు గంటకు 10 మైళ్ల హద్దు విధించినందున చిన్న తెరచాప పడవలకు నెమ్మది.

ఒడ్డున ఎయిరా ఫోర్సు జలపాతమునకు పోవు తావు దాటినపిదప గ్లెన్‌కోయిను అను వంపు గలదు. 1802 ఏప్రిలు 15వ తేదీన వర్డ్సువర్తు కవియు, ఆయన చెల్లెలు డోరతీయు ఇటు నడచుచు నీటియంచున పసుపు పూల బారులను చూచిరి. డోరతీ ఆ దృశ్యమును తన దినచర్యలో వ్రాసికొనెను. రెండేండ్ల పిమ్మట అన్న దానిని పద్యము చేసెను. అందు మేలైన రెండు పాదములు తన భార్య మేరీ కూర్చినవని కవియే ఒప్పుకొనెను. లోకము కవి పేరునే యెరుగును. ఆ పద్యమునకు కన్ను చెల్లెలిది, మేలిమి భార్యది.

గ్లెన్‌రిడ్డింగు గ్రామము వద్ద రుసుము చెల్లించి ఒడ్డు చేరితిమి. బండిని కారుతో వెనుకకు నడుపుట మిక్కిలి అభ్యాసముతో గాని కుదురదు. చక్రము ఎటు త్రిప్పిన బండి దానికి వ్యతిరేకముగ పోవును. తేలికబండి గావున కొక్కెము విప్పి చేతులతో త్రోసితిమి. చీల తీయగనే ట్రాలీ నెమ్మదిగ జారి గులకరాళ్ల మీదుగ నీటిని చేరెను. రోడ్డుబండి గట్టుననే నిలిచెను. అమ్మాయి కొయ్య నిలిపి తెరచాప లెత్తినది. మొదట వాళ్ల నాన్నతో ఒక చుట్టు తిరిగి వచ్చి, "మామ్మా, రా" అని పిలిచెను.

మా అత్తగారు నీటివంక చూచిరి. కొండల నడుమ గాలి ఉన్నట్లుండి విసరును. అది మాకును తెలియును. నిర్బంధింపవలదని ఊరకుంటిమి. ఆమె చీర కుచ్చెళ్లు దోపుకొని, తేలెడు కోటు తొడిగించుకొని, బొందెలు స్వయముగ లాగి చూచుకొని, "నడు" అని ఒక్క మాట చెప్పి పడవ యెక్కిరి. ఒడ్డునకు దాపుననే అరగంట తిరిగిరి. తిరిగివచ్చిన పిమ్మట ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, "నేను ఒడ్డున నిలిచి చూచిన సముద్రము వేరు, నీటి మీదనుండి చూచిన ఒడ్డు వేరు" అనిరి.

సాయంకాలము పడవను, ట్రాలీని మంచినీటితో కడిగి, అంటుకొన్న నాచును, మొక్కముక్కలను ఏరివేసితిమి. ఒక సరస్సునందలి కలుపు బండ్ల వెంట మఱొక సరస్సునకు ప్రాకి దానిని పాడుచేయుచున్నది. కావున చూచి, కడిగి, ఆరబెట్టుట పడవవారందఱు పాటింపవలసిన నియమము.

అక్కడ కాపురమున్న మన సోదరీమణులలో పిల్లల కొఱకు పడవ కొనదలచిన వారు ముందు బండిని చూచుకొందురుగాక. టైరు వయసు, బేరింగు, ముక్కు బరువు, అదనపు గొలుసు, దీపములు – ఈ అయిదును కూరలు ఏరుకొన్నంత శ్రద్ధతో చూచినచో చాలును. ఇవి మగవారి పనులని విడువవలదు. మా అత్తగారు నేడు భీమునిపట్నమున నున్నారు. టెలిఫోనులో మాటాడునప్పుడు కుశలప్రశ్నలైన వెంటనే, "చలికాలము వచ్చినది గదా, బండి చక్రములను నేలకు తగులకుండ ఎత్తి కట్టితిరా? గ్రీజు వేసితిరా?" అని యడుగుట మానరు.