ఉగాదికి తండా లెక్క

మేము సుగాలీలం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల తండాల వాళ్లం. బెల్లం, తుమ్మచెక్క నానేసిన ఊట ఎప్పుడు పొయ్యి ఎక్కాలో వాసన పట్టి చెప్పే పెద్దలు మాలో ఉన్నారు. అదీ పనితనమే. దాని లాభం మాత్రం తండాలో నిలవలేదు. బెల్లం బాకీకి, జామీనుకు, కోర్టు వాయిదాలకే పోయింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారా నిషేధించింది. అంగట్లో సారా పోయింది, బట్టీ సారా మిగిలింది.

మానేస్తామని ఒట్టు పెట్టడం సులువు. కూలి దొరకని రోజు ఒట్టు కడుపు నింపదు. అందుకే ఈ ఉగాదికి మూడు పనులు అనుకున్నాం. ఒకటి, బట్టీ కుండలు తీసేసి పులివెందుల చీనీ తోటలకు జట్టుగా కోతకు పోవాలి. రెండు, అవ్వల దగ్గర అద్దాల కుట్టు నేర్చుకుని ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో, గండికోట చూడవచ్చేవాళ్లకు అమ్మాలి. మూడు, ఇంటికి వారానికి 50 రూపాయలు దాచాలి. ఏడాదికి 2,600. అది పిల్లల చదువుకే.

ప్రతి అమావాస్యకు పిల్లలే లెక్క రాసి అందరికీ చదివి వినిపిస్తారు. టీచర్లూ, ఆ పుస్తకం మీరూ చూడండి. ఏ ఇంట్లో ఆ వారం డబ్బు పడలేదో ముందుగా తెలియాలి. పొయ్యి మళ్లీ రగిలేది ఆ ఇంట్లోనే.