వాయిదాకు ఆషాఢం లేదు

నా మహీంద్రా పికప్ మీటరు మూడు లక్షల ఇరవై వేల కిలోమీటర్లు దాటింది. 2016 మోడల్, డీజిల్ బండి. నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట తోటల నుంచి నున్న మార్కెట్‌కు మామిడికాయ తోలడం దాని అసలు పని. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రీ పగలూ తిరుగుతుంది. కాయ అయిపోయాక సిమెంటు, కోళ్ల దాణా, పెళ్లి సామాను, ఏది తగిలితే అది.

కొత్త బండి తీసుకోమని ఏటా ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. "అన్నా, పాతది ఎక్స్ఛేంజ్‌లో పెట్టేయ్, నెలకు పదిహేడు వేలు కట్టుకుంటూ పోవడమే" అంటాడు ఫైనాన్స్ కుర్రాడు. ఆ లెక్క కాగితం మీద వేసి చూశాను. ఎనిమిది లక్షల అప్పు, 10.5 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే వాయిదా నెలకు సుమారు 17,200 రూపాయలు. మొత్తం కట్టేది 10 లక్షల 31 వేల పైచిలుకు. అందులో వడ్డీయే 2 లక్షల 31 వేలు.

వడ్డీని చూసి వెనక్కి తగ్గలేదు. బండి సంపాదించి పెడుతుంటే వడ్డీ కట్టుకోవచ్చు. నన్ను ఆపింది ఆషాఢం. ఆ నెలలో కాయ ఉండదు, పెళ్లిళ్లు ఉండవు. ధనుర్మాసమూ దాదాపు అంతే. బండి ఇంటి ముందు నిలబడి ఉన్నా వాయిదా మాత్రం ఐదో తారీఖుకి బ్యాంకు ఖాతాలోంచి లాగేసుకుంటుంది. డబ్బు లేకపోతే బౌన్సు ఛార్జీ, పెనాల్టీ. ఆ పూట చేబదులు తెస్తే దానికి మళ్లీ వడ్డీ. సీజన్ మీద బతికేవాడి రాబడి ఏడాదంతా ఒకేలా ఉండదు, అప్పు మాత్రం ఒకేలా ఉంటుంది.

పాత బండి డబ్బు తినదా అంటే, తింటుంది. కానీ దాని ఖర్చు ఎప్పుడు పెట్టాలో చాలావరకు నేనే నిర్ణయించుకోగలను. అందుకోసమే సొంతంగా పని చేసుకోవడం మొదలుపెట్టాను. కూలీ మిగులుతుందని ఎవరైనా అనుకుంటే అది మన దగ్గర పెద్ద లెక్కలోకి రాదు. ఆయిల్ మార్చినందుకు షెడ్డువాళ్లు తీసుకునేది కొద్ది మొత్తమే. మిగిలేది వేరే చోట. బండి కింద పడుకున్నవాడికి కారుతున్న సీలు, పగులుతున్న బెల్టు, లూజైన బోల్టు నెల ముందే కనిపిస్తాయి. మే నెలలో కాయ నిండుగా ఉన్న బండి రోడ్డు మీద ఆగిపోతే ఒక్క మరమ్మతు ఖర్చుతో పోదు. మండుటెండలో పండు మెత్తబడుతుంది, మార్కెట్‌లో ధర పడిపోతుంది, ఆ రైతు మళ్లీ మన బండిని పిలవడు. అదే పని ఆషాఢంలో చేసుకుంటే విడిభాగం ధర ఒక్కటే ఖర్చు.

డబ్బు సంగతి ఇలా పెట్టుకున్నాను. కిరాయి చేతికి రాగానే, ఆ ట్రిప్పులో తిరిగిన ప్రతి కిలోమీటరుకు రెండు రూపాయల చొప్పున బండి కోసం తెరిచిన వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపేస్తాను. డీజిలుకు, ఇన్సూరెన్సుకు, ఫిట్‌నెస్‌కు దాన్ని ముట్టుకోను. ఎనిమిదేళ్లు దాటిన సరుకు రవాణా బండికి ఏటేటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి, దానికి విడిగా పెట్టుకుంటాను. ముప్ఫై వేల కిలోమీటర్లు తిరిగిన ఏడాదికి బండి ఖాతాలో అరవై వేలు పోగవుతాయి. వాయిదాలైతే అదే ఏడాదికి రెండు లక్షల ఆరు వేలు. నాలుగు టైర్లు మార్చిన ఏడాది ఖాతా సగం పైన ఖాళీ అవుతుంది, అయినా ఎవరి ముందూ చెయ్యి చాచే పని ఉండదు. బండి బాగా తిరిగిన నెలలో ఎక్కువ పడుతుంది, తిరగని నెలలో ఏమీ పడదు. నెలకు ఇంత అని పెట్టుకుని ఉంటే ఆషాఢంలోనే ఆగిపోయేది.

ఇక పనుల విషయానికి వస్తే, నా చేతిమీద జరిగేవాటిలో అన్నిటికంటే విలువైనది, అన్నిటికంటే తేలికైనది డీజిల్ ఫిల్టరులో నీళ్లు తీయడం. కామన్‌రైల్ ఇంజిన్‌లో డీజిల్ విపరీతమైన ఒత్తిడితో ఇంజెక్టర్లలోకి వెళ్తుంది. దాంతోపాటు నీటి చుక్కలు వెళ్తే లోపలి సన్నని భాగాలు తుప్పుపట్టి అరిగిపోతాయి. ఇంజెక్టర్ల సెట్టు మార్చాలంటే వేలల్లో ఖర్చు. ఫిల్టరు అడుగున ఉన్న మరను కాస్త వదులు చేసి, గాజు సీసాలోకి పట్టి చూస్తే నీరు అడుగున తేరుతుంది, డీజిల్ పైన నిలుస్తుంది. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి, మర బిగించి, చేతి పంపుతో గాలి తీసేస్తే అయిపోయింది. వానాకాలంలో ఇది మరీ తరచుగా చేస్తాను.

ఆయిల్ మార్చేముందు ఇంజిన్‌ను కాసేపు తిప్పి గోరువెచ్చగా చేస్తాను, అప్పుడు మడ్డి కూడా కలిసి దిగిపోతుంది. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేస్తాను. ఫిల్టరు రబ్బరు రింగుకు కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగిస్తాను, స్పానర్ వాడను. నా ఇంజిన్‌కు ఆరు లీటర్లకు అటూ ఇటూగా 15డబ్ల్యూ-40 పడుతుంది. బరువు, దుమ్ము, ఆగి ఆగి పోయే ప్రయాణాలు కాబట్టి కంపెనీ పుస్తకంలో ఉన్న కిలోమీటర్ల కంటే ముందే మారుస్తాను. దిగిన ఆయిల్ మజ్జిగలా తెల్లగా కనిపిస్తే కూలెంట్ కలుస్తోందని అర్థం, ఆ బండిని ఇక స్టార్ట్ చేయకుండా మిస్త్రీని పిలవాలి. వాడిన ఆయిల్‌ను మా వైపు చెదలు పట్టకుండా వాసాలకు పూస్తారు, కాలవ గట్టున పారబోస్తారు. అది మన చేలల్లోకే, మన బోర్లలోకే దిగుతుంది. క్యాన్‌లో పట్టి, పాత ఆయిల్ కొనే లైసెన్సున్న వాళ్లకే ఇవ్వాలి.

తోటల దారుల్లో ఎర్రదుమ్ము ఎయిర్ ఫిల్టరుకు పెద్ద శత్రువు. చాలామంది దాన్ని టైరుకేసి కొట్టి మళ్లీ పెట్టేస్తారు. అలా కొడితే కాగితం మడతలు చిట్లుతాయి. ఆ చిన్న చిల్లులోంచి వెళ్లే ఇసుక టర్బో రెక్కల్ని, సిలిండర్ గోడల్ని గీకేస్తుంది. గాలి పట్టాల్సి వస్తే తక్కువ ఒత్తిడితో లోపలి వైపు నుంచి బయటికి పట్టాలి, అదీ ఒకటి రెండు సార్లే. ఆ తర్వాత కొత్తది వేయడమే మేలు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు గ్రీజు గన్‌తో, పాత గ్రీజు నాలుగు కప్పుల్లోంచీ బయటికి వచ్చేదాకా కొడతాను. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయను. ఉప్పు పేరుకుంటే ఎండల్లో ఇంజిన్ కాగిపోతుంది. బ్యాటరీ టెర్మినళ్లను వంటసోడా నీళ్లతో కడిగి వేజ్‌లైన్ రాస్తాను.

బ్రేకులు, స్టీరింగ్, ఇంజెక్టర్లు మాత్రం నేను ముట్టుకోను. వెనక టన్ను పైన కాయ ఉంటుంది, పక్కన ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఆ మనిషి ప్రాణంతో నా పొదుపు కలవకూడదు. జాకీ ఒక్కదాని మీదే నిలబెట్టిన బండి కిందికి తల పెట్టకూడదు. స్టాండ్లు వేసి, చక్రాలకు చెక్కలు పెట్టాకే కిందికి దూరతాను. స్టాండ్ల కోసం పెట్టిన డబ్బు నా పనిముట్లన్నిటిలోకీ మంచి ఖర్చు.

పన్ను లెక్క కూడా చెప్పాలి. ఆదాయపు పన్ను చట్టం కింద చిన్న సరుకు బండికి నెలకు 7,500 రూపాయల చొప్పున ఆదాయం ఊహించి లెక్క చూపుకోవచ్చు. అలా చూపినవాడికి మరమ్మతు ఖర్చు, అరుగుదల విడిగా తగ్గించుకునే వీలు లేదు, అవన్నీ అందులోనే కలిసిపోయినట్టు లెక్క. కాబట్టి మరమ్మతులో మిగిలిన రూపాయి మొత్తం ఇంట్లోనే ఉంటుంది.

నా లెక్క అందరికీ సరిపోదు. ఏడాది పొడవునా కంపెనీ కాంట్రాక్టు మీద తిరిగే బండి అయితే, ప్రతి నెలా బిల్లు పడుతుంటే, కొత్తది కొనుక్కోవడమే సరైన పని. అక్కడ రాబడికీ తారీఖు ఉంది, వాయిదాకీ తారీఖు ఉంది. ఒక్కరోజు ఆగినా కాంట్రాక్టు పోయే చోట పాత బండిని నమ్ముకోకూడదు.

ఈ బండిని ఎప్పుడు వదిలేయాలో కూడా రాసి పెట్టుకున్నాను. ఛాసిస్‌లో పగులు కనిపిస్తే వెల్డింగ్ పెట్టించకుండా అమ్మేస్తాను. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు పొగ ఎగదన్నుతూ, రెండు ఆయిల్ మార్పుల మధ్య లీటర్ల కొద్దీ తగ్గడం మొదలైతే ఇంజిన్ బోరు పనికి వచ్చినట్టే, అంటే విప్పి పూర్తిగా బాగు చేయించాలి. ఆ ఖర్చు బండి అమ్మకం ధరలో సగం దాటితే చేయించను. వరుసగా రెండేళ్లు బండి ఖాతా చాలకపోయినా అంతే. అప్పటికి ఖాతాలో మిగిలింది కొత్త బండికి ముందు కట్టే డబ్బులో కలుస్తుంది, అప్పు ఆ మేరకు తగ్గుతుంది.

ఈ ఏడాది క్లచ్ ప్లేట్లు అరిగాయి, ఆగిరిపల్లి దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తోంది. ఆషాఢంలో మార్చమని మిస్త్రీకి చెప్పాను. "అప్పుడైతే నాకూ పని తక్కువే, రెండు రోజుల్లో ఇచ్చేస్తా" అన్నాడు. డబ్బు ఖాతాలో ఉంది.