కంప్యూటరు డిస్కు - తగిన తీగలు

పూర్వము మన పెద్దలు విలువగల వస్తువుల నెల్ల భోషాణములో దాచి, తాళపుచెవిని కొంగున ముడివైచుకొనెడివారు. నేడా భోషాణము చేయు పనిలో సగము కంప్యూటరులోని డిస్కు చేయుచున్నది. పిల్లల ఫొటోలు, పెండ్లి వీడియోలు, పొలము దస్తావేజుల నకళ్లు, ఇంటి జమాఖర్చులు అన్నియు దానియందే. మా యింట మావారు పండ్రెండేండ్లుగా తయారుచేసిన ప్రశ్నపత్రములును, కీర్తిశేషురాలగు మా యత్తగారు పాడిన మంగళహారతులును ఒక్క డిస్కునందే యుండెడివి. ఆమె కంఠము మఱియెచ్చటను లేదు. అట్టి డిస్కు మందగించి, దానిని మార్చవలసి వచ్చినప్పుడు, పెట్టెలోని తీగలను గూర్చి మేము శ్రద్ధతో దెలిసికొంటిమి. తెలిసికొన్నదానిని సోదరీమణులకు విన్నవించుట మాకు సంతోషము.

డిస్కు మార్చదలచినవారు దాని ధరను, పరిమాణమును, వేగమును విచారింతురు గాని తీగ మాట తలపరు. కొలది రూపాయల తీగ, ఏదైన నేమి యని యనుకొందురు. తొడిగినచోట నిమిడినచో నదియే సరియైన తీగ యని పెక్కుమంది నమ్మకము. ఈ నమ్మకమే చేటు దెచ్చునది. అందుచేత తీగలు విప్పకముందే డిస్కులోని సమస్తమును వేఱొకదానిపై నకలు చేసికొనుట ప్రథమ కర్తవ్యము. మేమును అట్లే చేసి, యత్తగారి పాటలను ముందుగా భద్రపఱచితిమి.

డిస్కునకు రెండు తీగలు కావలయును. ఒకటి సమాచారమును మదర్‌బోర్డునకు జేరవేయును. రెండవది ఎస్.ఎం.పి.ఎస్. నుండి విద్యుత్తును దెచ్చును. మొదటిదానిలోని లోపము పనిని జెఱచును. రెండవదానిలోని లోపము డిస్కునే కాల్చివేయును.

ముందుగా మీ పెట్టె యే కాలమునాటిదో చూడుడు. పాత కంప్యూటర్లలో ఐ.డి.ఇ. యను పద్ధతి యుండెడిది. దాని తీగ రెండంగుళముల వెడల్పున రిబ్బను వలె నుండును. కొనయందు 40 గుంటలుండును. తరువాత వచ్చిన వేగవంతమగు రకమున సన్నని తీగలు 80. అందు నీలిరంగు కొన మదర్‌బోర్డునకు, నల్లనిది మొదటి డిస్కునకు, బూడిదరంగుది రెండవ డిస్కునకు తగులవలయును. పొడవు 18 అంగుళములకు మించరాదు. సాటా యను పద్ధతి దాని తరువాత వచ్చినది. నేడు ఇండ్లలోని డెస్క్‌టాపులకు దొరకు డిస్కులలో తీగతో బనిచేయునవి సామాన్యముగా నీ పద్ధతివే. సాటా సమాచారపు తీగ సన్ననిది. దాని కొనయందు 7 లోహపు రేకులు కలవు. విద్యుత్తు తీగ కొన కొంచెము వెడల్పు, రేకులు 15. రెంటికిని లోపల ‘ఎల్’ అను అక్షరము వంటి వంపు కలదు గనుక తలక్రిందుగా దూరదు. బలవంతము చేసినచో డిస్కు అంచు విఱుగును.

సాటా వేగములు మూడు: సెకండునకు 1.5, 3, 6 గిగాబిట్లు. క్రొత్త డిస్కు 6 గిగాబిట్లదైనచో తీగయు క్రొత్తది కొనవలయునని దుకాణములవారు చెప్పుదురు. మూడు వేగములకును కొన ఒక్కటియే. బాగుగా నున్న పాత తీగ సామాన్యముగా సరిపోవును. చూడవలసినవి వేఱు. తీగ పొడవు 1 మీటరు లోపల నుండవలయును. రవికె గుడ్డకు గొలత తీసినట్లు, డిస్కు నుండి మదర్‌బోర్డు వఱకు దారముతో కొలిచి, కొంచెము వదులుంచి కొనుడు. పొడవెక్కువైనచో మడతలుపడి ఫ్యానునకు దగులును. తీగను నలుగునట్లు మడువరాదు. కొనయందు చిన్న లోహపు కొక్కెము గల తీగ మేలు; అది యూడిపోదు.

డిస్కు తన యారోగ్యపు లెక్కను తానే వ్రాసికొనును. అందు సి.ఆర్.సి. దోషముల సంఖ్య నానాటికి పెరుగుచున్నచో తఱచుగా తప్పు తీగది గాని డిస్కుది గాదు. ఈ సంగతి యెఱుగక మంచి డిస్కును పాఱవైచి క్రొత్తది కొన్నవారు కలరు. ముందు తీగ మార్చి చూడుడు.

ఇక విద్యుత్తు తీగ. కొన్ని ఎస్.ఎం.పి.ఎస్. లకు తీగలను ఊడదీయు వీలు కలదు. మా యాడపడుచుగారి యింట పాత ఎస్.ఎం.పి.ఎస్. చెడగా క్రొత్తది తెచ్చిరి. బిగించవచ్చిన పనివాడు, పెట్టెలో నున్న పాత తీగలను విప్పుట యేల యని, వానినే క్రొత్తదానికి దగిలించెను. చక్కగా నిమిడినవి. మీట నొక్కిన క్షణములో రెండు డిస్కులును గాలిపోయినవి; పెద్దమ్మాయి పెండ్లి ఫొటోలు వానితోడనే పోయినవి. డిస్కువైపు కొన కన్నిట ప్రమాణ మొక్కటియే యైనను, ఎస్.ఎం.పి.ఎస్. వైపు కొనకు సర్వసామాన్యమగు ప్రమాణము లేదు. గుంటలు ఒక్కతీరున నున్నను లోపలి వరుస వేఱు. 5 వోల్టులు రావలసినచోట 12 వోల్టులు వచ్చినచో డిస్కు నిలువదు.

స్వయంవరమండపమున దమయంతి యెదుట అయిదుగురు నలులు నిలిచిరి. ఆమె రూపమునుబట్టి దండ వేయలేదు. ఱెప్పపాటును, నేలనంటిన పాదములను, వాడిన పూవులను జూచి మనుజుని గుర్తించెను. తీగల విషయమునను మనకు గావలసినది ఆ నిదానమే. క్రొత్త ఎస్.ఎం.పి.ఎస్. తో వచ్చిన తీగలనే వాడుడు. వేఱొకదాని తీగ, ఒకే సంస్థవారిదైనను, తయారీదారు సరిపోవునని స్పష్టముగా జెప్పిననే తప్ప తగిలింపనీయకుడు.

పాత ఎస్.ఎం.పి.ఎస్. కు నాలుగు సూదుల కొన మాత్రమే యున్నచో, సాటా డిస్కునకు మార్పిడి తీగ కావలయును. ఇందును రెండు రకములు. తీగలను ప్లాస్టిక్కు ముద్దలో పోతపోసిన రకమున లోపల నొకటి కొకటి తగిలి కాలిన సంఘటనలు కలవు. ప్రతి తీగయు విడిగా గనబడుచు కొనలో దిగిన రకము శ్రేయస్కరము.

చూయింగుగమ్ముబిళ్ల వలె నుండు ఎం.2 డిస్కు మదర్‌బోర్డుమీదనే కూర్చుండును. దానికి తీగలే వలదు. అయితే కొన్ని బోర్డులలో దానిని బెట్టినంతనే ఒకటిరెండు సాటా గుంటలు పనిచేయుట మానును. బోర్డుతో వచ్చిన పుస్తకము చదివి కొనుట మంచిది.

పెట్టెను దెఱచునప్పుడు ప్లగ్గు గోడనుండి తీసివేసి, లోహభాగమును ఒకమాఱు ముట్టి, పిదప చేయి పెట్టుడు. పనివానిని బిలిచినను దగ్గఱ నిలిచి, ఏ తీగ యెక్కడిదని యడుగుడు, అడిగిన నగుబాటులేదు. మిగిలిన తీగలను ఒక గుడ్డసంచిలో వైచి, అవి యే ఎస్.ఎం.పి.ఎస్. వో, ఏ యేట కొన్నవో చీటీపై వ్రాసి కట్టుడు. ఆవకాయజాడీలకు చీటీ లంటించు చేతులకు ఈ పని యెంతది?