ఒకే పేరు, ఇద్దరు మనుషులు

మొన్నటి సంఘం ఎన్నికల్లో జరిగిన పొరపాటు మాదే. ఓటర్ల లిస్టు తీసింది మేము కాబట్టి, ఏం జరిగిందో మేమే చెప్పాలి.

మన హోసూరు సంఘంలో సభ్యులు 412 మంది. పాత రిజిస్టరును పోయినేడు కంప్యూటర్‌లోకి ఎక్కించాం. సభ్యుల పేర్లు, అడ్రసులు ఒక టేబుల్లో, ఫోన్ నంబర్లు ఇంకో టేబుల్లో ఉన్నాయి. ఉగాదికి మెసేజీలు పంపడానికి ఈ రెండింటినీ కలిపి రాసిన క్వెరీ ఒకటుంది. తొందరలో దాన్నే వాడి, ఫోన్ నంబరు మాత్రం తీసేసి లిస్టు అడిగాం. 530 వరుసలొచ్చాయి! కొందరి పేర్లు రెండు సార్లు, కొందరివి మూడు సార్లు.

ఎందుకొచ్చాయని ఆలోచించలేదు. క్వెరీలో 'డిస్టింక్ట్' అనే మాట చేర్చాం. ఒకేలా ఉన్న వరుసల్లో ఒకటే మిగిలింది. లిస్టు శుభ్రంగా కనబడింది, ప్రింటు తీసేశాం. మొత్తం ఎంతో మళ్లీ లెక్కపెట్టలేదు. 411 ఉంది.

ఎన్నికల రోజు ఒక పెద్దాయన లైన్లో నిలబడి వస్తే, "మీ ఓటు పడిపోయిందన్నా" అన్నారు మన పిల్లలు. ఆయన మొహం చిన్నబోయింది. "ఏమప్పా, మా నాయన కాలం నుంచి సంఘంలో ఉన్నామే, ఇప్పుడు నేను లేనా?" అన్నారు.

అంతకుముందు ఓటేసింది ఆయన పెదనాన్న కొడుకు. ఇద్దరికీ తాత పేరే పెట్టారు. తమిళనాడులో మనం ఇంటిపేరు వదిలి నాన్న పేరులో మొదటి అక్షరం రాస్తాం కదా, అదీ ఇద్దరికీ ఒకటే. ఉండేదీ ఒకే ఇల్లు. కంప్యూటర్‌కు ఇద్దరూ ఒక్కరిలాగే కనిపించారు. పాత రిజిస్టరు తెచ్చి చూసి, ఆయనతో ఓటు వేయించి, క్షమాపణ చెప్పుకున్నాం.

ఆ రాత్రే కూర్చుని వెతికాం. సభ్యుల టేబుల్‌ను విడిగా లెక్కిస్తే సరిగ్గా 412. అంటే తప్పు అక్కడ లేదు. సభ్యత్వ నంబరు వారీగా గ్రూప్ చేసి, ఒకటికంటే ఎక్కువ సార్లు వచ్చినవాళ్లను చూస్తే 107 మంది తేలారు. 96 మందికి రెండేసి ఫోన్లు, 11 మందికి మూడేసి. ఫోన్ల టేబుల్‌ను కలిపితే ఎన్ని ఫోన్లుంటే అన్ని వరుసలు వస్తాయి. అదనంగా వచ్చిన 118 వరుసలూ అవే. ఓటర్ల లిస్టుకు అసలు ఫోన్ల టేబులే అక్కర్లేదు. అది తీసేస్తే డిస్టింక్ట్ అవసరమే రాదు.

మీలో ఎవరైనా ఇలాంటి లెక్కలు చూస్తుంటే, ఒకే వరుస మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు ముందు కారణం వెతకండి. చెరిపేయడం తరవాత. పేరును బట్టి మనిషిని గుర్తించకండి, నంబరును బట్టి గుర్తించండి.

సభ్యత్వ నంబర్లతో కొత్త లిస్టు ఆఫీసు గోడకు అంటించాం. తాత పేరు పెట్టుకున్న ఇళ్లవాళ్లు దయచేసి ఒకసారి వచ్చి చూసుకోండి.