హనోయి నుంచి హ్యూ దాకా

వీపున మూట కట్టుకుని దేశాలు తిరగడం కుర్రకారు ముచ్చట, నీకెందుకన్నారు మా ఇంట్లోవాళ్ళు. నేను వింటేనా! ఆ వినకపోవడానికి ఫలితం కిందటి జూలైలో, ఒక సాయంత్రం హనోయిలో, నా అనుభవానికి వచ్చింది.

హనోయి వియత్నాం రాజధాని. అక్కడికి పూర్వపు రాజుల పట్టణమైన హ్యూ సుమారు 670 కిలోమీటర్లు. రైలుంది గాని టిక్కెట్లు లేవు. చేసేది లేక పడకల బస్సెక్కాను.

గుమ్మంలోనే బూట్లు విప్పించి, ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోమన్నారు. గుడిలోకి వెళుతున్నట్టే ఉంది. లోపల మూడు వరుసల పడకలు, కిందా పైనా. మధ్యన పక్కకు తిరిగి నడిస్తేగాని పట్టని సందులు. పడక అన్నానే గాని, అది పడక్కుర్చీకి ఎక్కువ, మంచానికి తక్కువ. కాళ్ళు ముందువాడి వీపు కిందనున్న పెట్టెలోకి దూర్చాలి. ఆ పెట్టె ఎవరి కొలతకు చేశారో గాని, నా కాళ్ళ కొలతకు మాత్రం కాదు. చాపితే వేళ్ళు తగులుతాయి, ముడిస్తే మోకాళ్ళు. పైనుంచి ఏ.సి. నీళ్ళు బొట్టు బొట్టుగా నా నుదుటికి అభిషేకం!

అది చాలదన్నట్టు, పడకలు నిండిపోయినా క్లీనరు సందులో కూడా జనాన్ని పడుకోబెట్టాడు. నా పక్కనే ఒక ముసలావిడ. ఆవిడ తలదగ్గరి మూట నా మోచేతికి గుచ్చుకుంటోంది. పైగా దానిలోంచి ఘాటైన అగరువత్తుల వాసన. ఓపిక పట్టలేక క్లీనరును పిలిచి, మూట కింది సామాన్ల అరలో పెట్టమని సైగ చేశాను. అతడు చెయ్యి వేయబోతే ఆవిడ దాన్ని గుండెలకు హత్తుకుంది. ఏమీ అనలేదు. ఆ మూటను పొట్టమీద పెట్టుకుని, అటు తిరిగి పడుకుంది.

అర్ధరాత్రి ఒక పూటకూళ్ళ ఇంటి దగ్గర బస్సాగింది. గుమ్మం దగ్గర బుట్టెడు రబ్బరు చెప్పులు; ఎవరికి దొరికినవి వాళ్ళు తొడుక్కుని దిగడమే. నాకు రెండూ ఎడమకాలివే దొరికాయి. అక్కడ ముసలావిడ మనుమరాలు కలిసింది. కాలేజీ పిల్ల, కొద్దిగా ఇంగ్లీషు వచ్చు.

"మూట మీకు అడ్డమైనట్టుంది. క్షమించండి," అంది. "మా నానమ్మ తన అన్నగారి కోసం తీసుకువెళుతోంది."

ఆ అన్నగారు 1972లో క్వాంగ్ ట్రీ యుద్ధంలో చనిపోయాడట. సమాధి ఎక్కడో నేటికీ తెలియదు. జూలై 27 ఆ దేశంలో అమరవీరుల దినం. ఏటా ఆ రోజుకు ముసలావిడ అక్కడి ట్రూంగ్ సోన్ శ్మశానవాటికకు వెళుతుంది. అక్కడ పదివేలకు పైగా సమాధులున్నాయి. పేరులేని సమాధి ఒకదాని ముందు వత్తులు వెలిగించి వస్తుంది.

నాకు నోట మాట రాలేదు. బస్సెక్కాక నా పడక చూపించి, ఆవిడను పడుకోమన్నాను. ఆవిడ నవ్వి ఏదో అంది.

"వాళ్ళన్నయ్య ఈ దారంతా నెలల తరబడి నడిచి వెళ్ళాడట. తను పడుకుని వెళుతున్నాను కదా అంటోంది," అని చెప్పింది పిల్ల.

తెల్లవారుతుండగా బెన్ హాయ్ నది వచ్చింది. 1954లో జెనీవా ఒప్పందం దేశాన్ని రెండు చేసింది ఇక్కడే. పక్కన స్మారకంగా నిలిపిన హియెన్ లువాంగ్ పాత వంతెన, సగం నీలం, సగం పసుపు. మా బస్సు కొత్త వంతెన మీద రెప్పపాటులో దాటిపోయింది. ముసలావిడ లేచి కూర్చుని, మూట ఒళ్ళో పెట్టుకుని, కిటికీవైపు చూస్తోంది.

డోంగ్ హాలో వాళ్ళు దిగారు. మూట నేనందించాను. చాలా తేలిక.

హ్యూలో దిగేసరికి నా నడుము పట్టేసింది. "ప్రయాణం ఎలా జరిగింది?" అని ఇంటినుంచి ఫోను. సుఖంగా జరిగిందన్నాను.