తిరుగు ప్రయాణం డబ్బు

బరంపురం నుంచి విదేశం వెళ్తానంటే అందరూ అడిగేది ఒకటే, ఎంత ఖర్చవుతుందని. తిరిగి రావడానికి ఎంత కావాలని అడిగింది మా ఇంట్లో తాతయ్య ఒక్కరే. ఆయన తండ్రి గోపాలపూర్‌లో స్టీమరెక్కి రంగూన్ వెళ్లిన మనిషి. 1942లో జపాన్ సేనలు రంగూన్‌ను పట్టుకున్నప్పుడు బర్మాలోని మనవాళ్లు వేలమంది అడవులు, కొండలు దాటి నడిచొచ్చారు. వాళ్లలో ఆయనా ఒకరు. సంపాదించిందంతా అక్కడే పోయింది. అంత వెనక్కి పోనక్కర్లేదు. 2020 మేలో సూరత్ మగ్గాల పని ఆగిపోయి మా గంజాం జిల్లా కూలీలు శ్రామిక్ రైళ్లలో ఇళ్లకు చేరడం మా తరం కళ్లారా చూసింది.

నాది సాహిత్యం చదువు. ఖల్లికోట్ కాలేజీలో బి.ఏ. ఇంగ్లీషు, భంజవిహార్‌లోని బరంపురం యూనివర్సిటీలో ఎం.ఏ., ఆ పైన బి.ఈడీ. ఊళ్లో ప్రైవేటు బడి జీతం ఇంటద్దెకూ కూరలకూ సరిపోయేది. అందుకే మాల్దీవుల వైపు చూశాను. అక్కడ బడి చదువు ఇంగ్లీషులోనే సాగుతుంది, మన దేశపు టీచర్లు దశాబ్దాలుగా పాఠాలు చెబుతున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగినవాళ్లకు ఇంకో భాష పిల్లల మధ్య నిలబడటం కష్టమేమీ కాదనిపించింది.

ఒక ఏజెంటు లక్ష పైచిలుకు అడిగాడు. అమ్మ వెంటనే తన పేటల గొలుసు తీసి బల్ల మీద పెట్టింది. ఊళ్లో తాకట్టు వడ్డీ నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి ఇరవై నాలుగు. లక్షకు నెలకు రెండు వేలు వడ్డీకే పోతే పరాయి దేశంలో నచ్చని పనిని కూడా వదులుకోలేం. అప్పు చేసి వెళ్లినవాళ్లను అక్కడ కట్టిపడేసేది కాంట్రాక్టు కాదు, ఆ వడ్డీయే. అదీగాక, ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు తీసుకోదగ్గది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. నమోదు ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. గొలుసు తిరిగి అమ్మ మెడలో వేశాను. ప్రకటనలు చూసి నేరుగా దరఖాస్తులు పెట్టుకున్నాను. ఆలస్యమైంది, కానీ సర్టిఫికెట్ల అటెస్టేషను, టికెట్టు ఖర్చు నా పొదుపులోంచే వెళ్లాయి.

జీతం లెక్క దగ్గర మాత్రం చాలా జాగ్రత్త కావాలి. మాల్దీవుల రూఫియాకు అధికారిక రేటు డాలరుకు 15.42. ఆ లెక్కన నాకిస్తామన్న నెల జీతం 15,000 రూఫియాలంటే సుమారు 970 డాలర్లు. కానీ ఆ దేశంలో డాలర్లకు తరచూ కరువు. బ్యాంకు పంపనిచ్చే మొత్తానికి పరిమితులుంటాయి, బయట కొంటే ధర ఎక్కువ. అందుకే డాలరుకు ఇరవై అనుకుని లెక్కవేశాను. అదే జీతం 750 డాలర్లకు దిగింది. ఆ అంకెతో ఇల్లు గడుస్తుందా, ఏమైనా మిగులుతుందా అని చూసుకుని, మిగులుతుందని తేలాకే సంతకం పెట్టాను. పన్ను గొడవ లేదు. అక్కడ జీతాల మీద ఆదాయపు పన్ను 2020 ఏప్రిల్ నుంచే ఉన్నా, నెలకు 60,000 రూఫియాలు దాటితేనే కట్టాలి.

బయల్దేరే ముందు బ్యాంకుకు చెప్పి మామూలు సేవింగ్స్ ఖాతాను ప్రవాసులకుండే ఎన్నార్వో ఖాతాగా మార్పించాను. ఇది చాలామంది పట్టించుకోరు, కానీ నిబంధన. అక్కడ సంపాదించి పంపేదానికి ఎన్నార్ఈ ఖాతా వేరే తెరిచాను, దాని వడ్డీకి మన దేశంలో పన్ను లేదు. ఎన్నార్వో వడ్డీ మీదైతే 30 శాతం, ఆ పైన సెస్సు ముందే కోసేస్తారు. పాత పీపీఎఫ్ గడువు తీరేదాకా నడుపుకోవచ్చు, కొత్తది తెరవడానికి వీల్లేదు.

తొలి జీతాల్లోంచి నేను ముందు కూడబెట్టింది తిరుగు ప్రయాణం డబ్బే. మాలే నుంచి చెన్నై విమానం, అక్కడి నుంచి కోరమండల్‌లో బరంపురం, ఆ పైన పని దొరక్కపోయినా ఆరు నెలలు ఇల్లు నడిచే ఖర్చు. ఆ మొత్తం పూర్తయ్యేదాకా ఇంట్లో ఫ్రిజ్ కూడా మార్చనివ్వలేదు. అమ్మ నొచ్చుకుంది. చుట్టాలు పిసినారితనమన్నారు. ఆ డబ్బు ఎన్నార్ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడ్డ రోజు నుంచి స్టాఫ్ రూములో నా మాట మారింది. సెలవు రోజు క్లాసులకు వేరే డబ్బివ్వాలని గట్టిగా అడగగలిగాను. కాంట్రాక్టు పొడిగించేటప్పుడు తిరుగు టికెట్టు బడే పెట్టుకోవాలని కాగితం మీద రాయించుకున్నాను.

టికెట్టు వాళ్లదైనా డిపాజిట్టు మాత్రం కదపలేదు. మొన్న తమ్ముడు బైకు కొంటానని దాన్ని అడిగాడు. వాడికి నెలనెలా జీతంలోంచి పంపుతున్నాను.