అటక మీద గోడ

చీర కొనాలంటే పది కొట్లు తిరుగుతాం. అంచు చూస్తాం, రంగు ఎండలోకి తెచ్చి చూస్తాం, ఉతికితే ఏమవుతుందో కొట్టువాణ్ణి నాలుగుసార్లు అడుగుతాం. గోడకి ఏం పూయాలన్నది మాత్రం మేస్త్రి చెప్పిందే వేదం! మొన్నమొన్నటిదాకా నేనూ అంతే. గోడకి పూత అంటే సిమెంటే అనుకునేదాన్ని.

కోనసీమలో మా పుట్టింటి అటకని బాగుచేయించి రాసుకునే గది చేసుకుందామని ఈమధ్య నాకు బుద్ధి పుట్టింది. ఇరవై ఏళ్ళుగా నవలలు రాస్తున్నానన్న పేరే గానీ నాకంటూ ఒక బల్ల లేదు. కూర పొయ్యి మీద వేసి ఒక పేజీ, ఇస్త్రీ బట్టల కోసం ఎదురుచూస్తూ ఒక పేజీ. మా వారితో చెబితే, "మూడు గదుల ఇల్లుండగా అటకెక్కడం ఏమిటోయ్?" అన్నారు. "ఆ మూడింట్లోనూ మీరంతా ఉన్నారు కదండీ!" అన్నాను. నవ్వారు. కాసేపయ్యాక ఏమనుకున్నారో, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆవకాయ జాడీలూ, గంగాళాలూ, కొబ్బరికాయలూ కిందికి దింపించాం. నిచ్చెన తీసేసి చెక్కమెట్లు పెట్టించాం. బెంగుళూరు పెంకుల మధ్య రెండు గాజు పెంకులు వేయించేసరికి పట్టపగలు చీకటిగా ఉండే అటకలోకి వెలుతురు వచ్చిపడింది. ఆ వెలుతురులో కనిపించింది పడమటి గోడ అవతారం! కప్పు కింద ముక్కోణంగా లేచిన ఇటుక గోడ. ముత్తాతగారి నాటి సున్నం పూత. సగం పెచ్చులూడిపోయింది.

ఇహ చూడండి, సలహాలకి కరువా? "సిమెంటు కొట్టించు, నీ మనవల కాలం దాకా కదలదు" అన్నారు మా వారు. "జిప్సం వేయించమ్మా, బస్తాలో పొడి వస్తుంది, నీళ్ళు కలిపి రాస్తే అరగంటలో గట్టిపడుతుంది, రోజూ తడిపే పనే లేదు, అద్దంలా ఉంటుంది" అన్నాడు మా అబ్బాయి. మా అమ్మ కింద నుంచే, "ఏదో ఒకటి పూసి దిగండర్రా, నా జాడీలు ఎక్కడ పెట్టుకోను?" అని కేక.

అద్దంలా ఉండే గోడ అంటే నా మనసు కొంచెం లాగిన మాట నిజం. కానీ మా వానలు మీకు తెలుసుగా! ఎంత సర్దినా ఏదో ఒక పెంకు జారుతుంది, ధార గోడ మీదికే వస్తుంది. జిప్సానికి తడి పడదు. మెత్తబడుతుంది.

సిమెంటు సంగతి పక్క ఊరి ముసలి తాపీమేస్త్రి చెప్పాడు. "అమ్మాయిగారూ, పాత గోడ చెమ్మ పీల్చుద్ది, మళ్ళీ వదులుద్దండి. మీద సిమెంటు బిగించేరనుకోండి, ఆ చెమ్మ ఎటు పోద్దండీ? లోపలుండి ఉప్పు తేలి, పెచ్చు పెచ్చుగా తోసేత్తాది" అన్నాడు. నేను చదివింది బి.ఏ. రసాయనశాస్త్రం నా జోలికి రాలేదు. పట్నం వెళ్ళాక పుస్తకాలు తిరగేస్తే ముసలాయన మాటే నిజమని తేలింది. ఇంకో విచిత్రం కూడా తెలిసింది. బట్టీలో కాల్చినప్పుడు సున్నపురాయి పోగొట్టుకున్న వాయువునే, గోడకెక్కాక గాలిలోంచి మెల్లమెల్లగా తిరిగి తీసుకుని మళ్ళీ రాయి అవుతుందట సున్నం. తొందరపెడితే కాదు.

సరే, సున్నమే అనుకున్నాం. ఆయన తాపీ పిడితో గోడంతా తట్టుకుంటూ పోతున్నాడు. టక్కుమన్న చోట పూత గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే చెక్కెయ్యాలి. ఒకచోట ఆగి, "ఈ బొగ్గు గీతలేంటండీ?" అన్నాడు.

నా గుండె ఝల్లుమంది. 1986 ఆగస్టు గోదావరి వరద. నాకప్పుడు పదేళ్ళు. అర్ధరాత్రి నీళ్ళు గడప దాటితే ఇంటిల్లిపాదీ, పాలేరు కుటుంబం, వెనకింటి వాళ్ళూ అంతా ఈ అటకెక్కాం. రెండు రాత్రులు. ఉన్నది ఒక డబ్బాడు అటుకులు, ఒక బెల్లం దిమ్మ. మా నాయనమ్మకి చదువు రాదు. ఎవరూ తప్పిపోకుండా, ఎవరికీ వాటా తగ్గకుండా, గోడ మీద బొగ్గుతో మనిషికొక గీత గీసింది. పెద్దవాళ్ళకి పొడుగుది, పిల్లలకి పొట్టిది. మొత్తం పద్నాలుగు. మా వాటా, పాలేరు పిల్లల వాటా ఒక్కటే. నాయనమ్మ వంటింటి లెక్కల్లో అలా జరగడం నేను చూసింది ఆ రెండు రోజులే.

"సిమెంటయితే మొత్తం చెక్కేసేవోణ్ణండి. సున్నానికి సున్నం అతుకుద్ది. గట్టిగా ఉన్న ముక్క ఉంచేత్తాను" అన్నాడు. డొల్ల భాగం మాత్రం తప్పలేదు. తాపీ తగలగానే అయిదు గీతలు నా కళ్ళముందే పొడిపొడిగా రాలిపోయాయి.

కరక్కాయలూ బెల్లమూ నానేసిన నీళ్ళతో, ఒకటికి మూడుపాళ్ళ ఇసకతో మాలు కలిపి రెండు పూతలు పూశాడు. సిమెంటయితే మూడు రోజుల్లో తేలిపోయే పని మూడు వారాలు పట్టింది. కూలి రెట్టింపు. నా కిందటి సీరియల్ పారితోషికమంతా గోడకే పూశానని మా వారి లెక్క. పూయనీండి!

ఇప్పుడు అక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను. తెల్లటి గోడ మధ్య చాటంత పాత పూత, దాని మీద తొమ్మిది గీతలు. అయిదు పొట్టివి. నిన్న మా అమ్మ మోకాళ్ళ నొప్పులతోనే మెట్లెక్కి వచ్చి వాటిని చాలాసేపు చూసింది.

"ఇందులో నాది ఏదే అమ్మా?" అని అడిగాను.

"ఏమో! అత్తయ్యకే తెలియాలి" అంది. కాస్త ఆగి, "ఆవకాయ జాడీలు ఈ మూలన పెట్టుకోనా? నీ రాతకేం అడ్డం రావులే" అంది.

పెట్టుకోమన్నాను.